వెనక నుంచి తగిలిన దెబ్బ

స్టౌరా దీవి,
8 సెప్టెంబరు 1958

చెల్లీ ఆస్లా,

నేనిక్కడ కులాసా అని రాస్తే అబద్ధమవుతుంది, కాబట్టి ముందు గొర్రెల సంగతి రాస్తాను. శుక్రవారం కొండ మీది మందనంతా కిందికి తోలాం. ఏటా లాగే దీవిలో నడవగలిగిన వాళ్లంతా బారుగా నిలబడి, చేతులు చాచి, గొంతులు పోయేలా అరుచుకుంటూ దొడ్డి వైపు నెట్టుకొచ్చాం. మన నల్లమూతి ముసలిది ఈసారి కూడా అందరి కళ్లూ కప్పి వెనక్కి ఉరికింది. దాన్ని పట్టుకోబోయి నేను కాలు చెడగొట్టుకున్నాను.

కంగారుపడకు, కాలు ఒంటికే ఉంది. ఎడమ చీలమండ బెణికింది. వాచి, మడమ చుట్టూ నీలంగా కమిలింది. గిర్జీ పెద్దమ్మ ఆ పూటే నల్లగొర్రె బొచ్చు వడికి, దారానికి తొమ్మిది ముళ్లు వేసి, తను గొణిగేదేదో గొణుగుతూ కాలికి కట్టింది. దానంతటది తెగి పడేదాకా తియ్యకూడదట. నువ్వు నర్సువి గనక నవ్వుతావు. నవ్వుకో. ఆ దారం మన నాన్న మణికట్టునీ, తాత మోకాలినీ బాగుచేసింది.

కొండ మీంచి నన్ను వీపున వేసుకుని దించింది రాస్మీ. బారులో నా వెనక మనిషి అతనే. దాని గురించి ఇంతకంటే రాయను.

కొండ మీద ఆరబెట్టిన బొగ్గుమట్టి ఇంకా సగం ఇంటికి చేర్చాల్సి ఉంది. చలికాలం పొయ్యిలోకి అదే గతి. నేనెప్పుడు లేచి తిరగొచ్చో రాయి. పెద్దమ్మ నీకు మేజోళ్లు అల్లుతోంది. రంగు గురించి ఫిర్యాదు చెయ్యకు, ఆవిడ కళ్లు సరిగా ఆనడం లేదు.

నీ అన్న,
గిడియన్

*

అబెర్డీన్,
17 సెప్టెంబరు 1958

అన్నయ్యా,

నవ్వాను. పక్క మంచం తుడుస్తున్న పిల్ల ఎందుకని అడిగితే, మా ఊళ్లో కాలికి ఎక్స్‌రే బదులు గొర్రె బొచ్చు వాడతారని చెప్పాను. పెద్దమ్మకి చెప్పకు.

కానీ ఒక్క విషయం నవ్వులాట కాదు. వాపు ఉన్నచోట బిగుతుగా ఏదీ ఉండకూడదు. దారం కింద వేలు దూరకపోతే కత్తిరించెయ్యి, పెద్దమ్మ అలిగినా సరే. తర్వాత చీలమండకి రెండు పక్కలా పొడుచుకొచ్చే గుబ్బలున్నాయే, వాటి వెనక అంచునీ కొననీ బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. ఎముక మీద ప్రాణం పోయేంత నొప్పి ఉందా? ఎవరి ఆసరా లేకుండా నాలుగడుగులు వెయ్యగలవా? నొప్పి ఉన్నా, అడుగులు పడకపోయినా, ఎముక విరిగి ఉండొచ్చు. అప్పుడు మారుమాట్లాడకుండా పడవెక్కి పట్నం వెళ్లు.

రెండూ బాగుంటే అది బెణుకే. పాత చొక్కా చించి వేళ్ల దగ్గర్నుంచి పైకి కట్టు కట్టుకో. పడుకున్నప్పుడల్లా కాలు గుండె కంటే ఎత్తులో పెట్టు. చల్లనీళ్లు మొదటి రెండు రోజులకే, ఆ గడువు ఎలాగూ దాటిపోయింది. ఇంక నువ్వు చెయ్యాల్సింది కదలడమే. గాల్లో పాదంతో అక్షరాలు రాయి, రోజూ కొంచెం కొంచెం నడుపు. మా వార్డులో ముప్పై మంచాలు, ముప్పై మంది మగాళ్లు. కదలొద్దన్నవాడు కదులుతాడు, కదలమన్నవాడు దుప్పటి ముసుగేస్తాడు. నువ్వు రెండో రకం కాకు. బెణికిన కాలు పడుకోబెడితే బిగుసుకుపోతుంది.

రాస్మీ కొండంతా మోసుకొచ్చాడా? ఆ వీపు ఇంకా అంత గట్టిగా ఉందన్నమాట. నా తరఫున మంచిమాట చెప్పు.

నీ చెల్లి,
ఆస్లా

*

స్టౌరా,
29 సెప్టెంబరు 1958

చెల్లీ,

నువ్వు రాసినవన్నీ చేశాను. ఎముక మీద నొప్పి లేదు. నాలుగడుగులేం ఖర్మ, మన వాకిట్లోంచి దుకాణం దాకా నడుస్తున్నాను. వాపు తీసింది. కానీ కాలు నాది కానట్టుంది. చదునులో పరవాలేదు, ఎత్తు ఎక్కేటప్పుడు పాదం నేలని తన్నడం లేదు, మడమ కిందే ఉండిపోతోంది. గాల్లో అక్షరాలు కూడా రాశాను. పెద్దమ్మ చూసి, దిష్టి తీస్తానంది. దారం మాత్రం తియ్యనివ్వలేదు, వదులు చేసి మళ్లీ కట్టింది.

నువ్వు రాస్మీ వీపు గురించి రాశావు గనక దాచినది ఇప్పుడు రాస్తున్నాను. నేను పడలేదు. నన్ను పడేశారు.

గొర్రె మలుపు తిరిగింది, నేను ముందుకు వంగి ఎడమ కాలి మీద బలం వేసి దూకబోయాను. అప్పుడు వెనక నుంచి మడమ మీద దెబ్బ పడింది. బూటు మొనో, రాయో తెలియదు. పుల్ల విరిచినట్టు చప్పుడు కూడా విన్నాను. కూలబడి వెనక్కి తిరిగితే రాస్మీ పదడుగుల దూరంలో నిలబడి నన్నే చూస్తున్నాడు.

"తన్నింది నువ్వేనా?" అన్నాను.

"నేనెక్కడ తన్నాను? ఇక్కడే ఉన్నా గదా" అన్నాడు.

"మరి దెయ్యం తన్నిందా?"

"పడ్డావు గిడియన్. లే, మెడ పట్టుకో" అని వీపు వంచాడు. అంతదూరమూ ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు చెయ్యనివాడు అంత మర్యాదగా మోస్తాడా?

శనివారం దుకాణంలో అందరి ముందూ అనేశాను. అతనూ అక్కడే ఉన్నాడు. పొగాకు పొట్లం జేబులో పెట్టుకుని, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. అబద్ధమైతే నోరు విప్పడా? సముద్రం మీదికి పోలేని ఇంటికి చేపల్లో వాటా పెట్టే ఆనవాయితీ ఉంది చూడు, ఆ వాటా ఇప్పుడు మన గడప ముందు అతనే పెట్టి పోతున్నాడు. నేను పక్షులకి విసిరేస్తున్నాను.

తెడ్డు వెయ్యలేను కాబట్టి ఈ చలికాలానికి నాకు రేవు మీద బుట్ట పని ఇచ్చారు. నాన్న చేసిన పనే. గుర్తుందా, ఆ గోడ చాటున ఆయన పక్కన కూర్చునేదానివి. గుంజకి గడ్డి బుట్ట ఎగరేస్తే పడవ బయట ఆగాలి, బుట్ట కింద ఉంటే లోపలికి రావచ్చు. కింద తెడ్డు వేసేవాళ్లకి దూరాన లేచే పెద్ద అల కనపడదు, పైన కూర్చున్నవాడికే కనపడుతుంది. టపా పడవ నడిపేది రాస్మీ. వారానికోసారి అతని ప్రాణం నా చేతిలోకి వస్తుంది. అది తలుచుకుంటే నవ్వొచ్చింది.

నీ అన్న,
గిడియన్

*

అబెర్డీన్,
6 అక్టోబరు 1958

అన్నయ్యా,

నిన్నెవరూ తన్నలేదు. ఇది మొదట చదువు, తర్వాతే మిగతాది.

పిక్క కండనీ మడమనీ కలుపుతూ వెనక తాడులాంటి లావు నరం ఒకటుంటుంది. దూకేటప్పుడు, పరిగెత్తేటప్పుడు నేలని తన్నేది అదే. నీ వయసు మగాళ్లకి అది ఒక్కోసారి ఉన్నట్టుండి తెగిపోతుంది, ఎవరూ ముట్టుకోకుండానే. తెగినప్పుడు చప్పుడవుతుంది. వెనక నుంచి ఎవరో కొట్టినట్టే ఉంటుంది. ఇలా తెగిన ప్రతివాడూ వెనక్కి తిరిగి చూస్తాడు. మా వార్డులో ఇప్పుడు ముగ్గురున్నారు. ఒకడు బంతాటలో తెగితే తన సొంత జట్టువాడినే చెంపమీద కొట్టాడు. ఒక పోస్టుమాను వెనక నుంచి ఎద్దు పొడిచిందనుకున్నాడు, ఆ వీధిలో ఎద్దే లేదు. మూడోవాడు పెళ్లిలో నాట్యం చేస్తూ వియ్యంకుడి మీద పోట్లాటకి దిగాడు. ముగ్గురూ ఇప్పుడు పిండికట్టు వేయించుకుని పక్కపక్కన పడుకుని, ఒకళ్ల కథ విని ఒకళ్లు నవ్వుకుంటున్నారు.

తప్పు నాది. నువ్వు బెణుకన్నావు, నేను ఎముక గురించి అడిగాను, నరం గురించి అడగలేదు. నడవమని రాశాను. తెగిన నరంతో ఇన్ని రోజులుగా నిన్ను నేనే నడిపిస్తున్నాను. అది తలుచుకుంటే నాకు తిండి సయించడం లేదు.

నమ్మకం కలగకపోతే పరీక్ష ఉంది. మా కుర్ర డాక్టరు ఈమధ్యే నేర్పాడు. కుర్చీ మీద మోకాళ్లూని, పాదాలు అంచు బయట వేలాడేసి, ఎవరినైనా పిక్క గట్టిగా నొక్కమను. మంచి కాలైతే పాదం కిందికి వంగుతుంది. నరం తెగిన కాలైతే చలించదు. ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ ఒక్క కాలి మునివేళ్ల మీద లేచి నిలబడి చూడు. లేవలేవు.

వెంటనే రా. ఇప్పటికే ఆలస్యమైంది, ఇంకా ఆలస్యమైతే తెగిన కొసలు కుట్టడానికి కూడా అందవు. ఇంకొకటి. బుట్ట పని ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. గోడ దగ్గర్నుంచి గుంజ దాకా పది మెట్లు, ఒక్కో మెట్టుమీదా మునివేళ్లకే చోటు. ఆ కాలితో వాటిని పరిగెత్తి ఎక్కలేవు. నాన్న ఏమనేవాడో నీకు నేను గుర్తుచెయ్యాలా? అల కనపడితే లెక్కపెట్టకు, లే అనేవాడు.

ఆస్లా

*

స్టౌరా,
14 అక్టోబరు 1958

ఆస్లా,

నీ ఉత్తరంలో మొదటి మాట నా కాలెలా ఉందని కాదు. రాస్మీ తప్పు లేదని. మిగతాది తర్వాత చదవమన్నావు. అలాగే చదివాను.

పద్దెనిమిదేళ్లయింది, ఇంకా ఆ మనిషికి వకాల్తా పుచ్చుకుంటున్నావు. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. పెళ్లిబట్టలు కుట్టడం అయిపోయాక, అమ్మ రొట్టెలకి పిండి కూడా దాచుకున్నాక, అతను వద్దన్నాడు. ఎందుకన్నది చెప్పలేదు. అమ్మ ఆ ఏడంతా చర్చి గడప తొక్కలేదు. నువ్వు ఊరు విడిచి నర్సువయ్యావు. నేను అతనితో ఒకే పడవలో తెడ్డు వేస్తూ పద్దెనిమిదేళ్లు నోరు మూసుకున్నాను, ఎందుకంటే ఈ దీవిలో పడవలు రెండే. అతనికి నా మీద కసి ఎందుకుంటుందని నువ్వు అడగొచ్చు. తప్పు చేసినవాడికి దాన్ని గుర్తుచేసే మొహం రోజూ ఎదురైతే కసి పుట్టదా?

నరాలు వాటంతటవే తెగుతాయా? నలభై ఏళ్లుగా ఈ కొండ ఎక్కి దిగిన కాలు అది. పోస్టుమానుకీ ఎద్దుకీ చెప్పు ఆ కబుర్లు.

పరీక్ష సంగతి. నా పిక్క ఎవరు నొక్కాలి? పెద్దమ్మ వేళ్లు వంకరపోయాయి. మిగతా దీవంతా రాస్మీ చుట్టాలే, వాళ్ల ముందు కుర్చీ మీద మోకరిల్లమంటావా? యాభై ఒక్క ఏళ్ల మగాణ్ణి, మునివేళ్ల మీద నాట్యమూ చెయ్యను. పెద్దమ్మ మాత్రం ఒక మాటంది. దారం మీద తొమ్మిదో ముడి ఊడేలోపు కొట్టినవాడు బయటపడతాడట. ఇప్పటికి ఆరు ఊడాయి.

బుట్ట వదలను. నువ్వు నా కాలు గురించి భయపడటం లేదు, నా చేతి గురించి భయపడుతున్నావు. ఆ ముక్క సూటిగా రాసి ఉంటే బాగుండేది.

గిడియన్

*

అబెర్డీన్,
21 అక్టోబరు 1958

అన్నయ్యా,

ఇది పద్దెనిమిదేళ్ల కిందట రాయాల్సిన ఉత్తరం. ఎన్నిసార్లు మొదలుపెట్టి పొయ్యిలో పడేశానో నాకే తెలియదు.

రాస్మీ నన్ను వద్దనలేదు. నేనే వద్దన్నాను.

నర్సు చదువుకి చోటిచ్చామని ఇక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. పడవలు బోర్లించే చోట అతన్ని కలిసి ఉంగరం చేతిలో పెట్టాను. అమ్మకి ఎలా చెప్పాలో తెలియక ఏడుస్తున్నాను. అతను చాలాసేపు ఆ ఉంగరాన్ని చొక్కా అంచుతో తుడిచాడు, దానికేదో అంటుకున్నట్టు. తర్వాత అన్నాడు, "నేనే వద్దన్నానని చెప్పు. నాకు పోయేదేముంది, నేనెలాగూ ఇక్కడే పడుంటా. నువ్వు దాటి పోవాలి, నీ మీద మాట పడితే మీ అమ్మ పోనివ్వదు."

నేను వద్దనలేదు అన్నయ్యా. సరే అన్నాను. నాకు అప్పుడు అంత సులువుగా ఉంది. అమ్మ అతన్ని శపిస్తుంటే విన్నాను, నువ్వు అతనితో మాటలు మానేస్తే చూశాను, పడవెక్కి వచ్చేశాను. అమ్మ పోయాకైనా చెప్పాల్సింది. అప్పటికి అబద్ధం పాతబడి నిజంలాగే కనపడింది, కదిలించడానికి సిగ్గేసింది.

అతను నోరు విప్పకపోవడం తప్పు ఒప్పుకోవడం కాదు. అది అతని అలవాటు. ఆ అలవాటు నేర్పింది నేనే. ఇప్పుడు నువ్వు దుకాణంలో అన్న మాట కూడా అదే వీపు మీద వేసుకుని మోస్తున్నాడు.

ఈ ఉత్తరం అందిన రోజే అతని ఇంటికి వెళ్లు. మాటలేం వెతుక్కోకు, కుర్చీ అడుగు, పిక్క నొక్కమను. అతనికి చేతుల్లో బలం ఉంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకోండి, నాకు సంతోషం.

నీ చేతి గురించి భయపడ్డాను, అదీ నిజమే. క్షమించు.

నీ చెల్లి,
ఆస్లా

*

స్టౌరా,
3 నవంబరు 1958

ఆస్లా,

రెండు వారాలుగా గాలి వాయవ్యం నుంచి కదల్లేదు, పడవ పోలేదు, టపా రాలేదు. వచ్చినా నీ దగ్గర్నుంచి ఏమీ ఉండదనుకుంటాను. పోయినసారి రాసినదానికి నీ దగ్గర జవాబు లేదు.

మేజోళ్లు అయిపోయాయి. ఒకటి నీలం, ఒకటి బూడిదరంగు. పెద్దమ్మ రెండూ నీలమే అంటోంది. ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను.

దీవిలో నాతో ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. దుకాణంలో నేను అడుగుపెడితే కబుర్లు ఆగుతాయి. నిన్న హాన్సీ వాకిట్లోకి వచ్చాడు. పడవలో రాస్మీతో పాటు తెడ్డు వేసేది హాన్సీ, హాన్సీ తమ్ముడూ.

"గిడియన్ బాబాయ్, రాస్మీతో ఒక్కసారి కూర్చుని మాట్లాడు. నీ మంచికే చెప్తున్నా" అన్నాడు.

"అతనికి నోరు లేదా?" అన్నాను.

"ఉంది. నీ మీద వాడటం ఇష్టం లేదు ఆడికి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

రేపు గాలి తగ్గుతుందంటున్నారు. పొద్దున్నే టపా పడవ పట్నం వెళ్లి మధ్యాహ్నం తిరిగి వస్తుంది. అల మాత్రం అంత త్వరగా తగ్గదు, కొండ కింద ఇంకా మోగుతూనే ఉంది. బుట్ట దగ్గర నేనుంటాను. నువ్వేమీ ఊహించుకోకు. నేను ఎవరినీ ఏమీ చెయ్యను. ఏమీ చెయ్యనక్కర్లేని పని అది. బుట్ట ఎప్పుడూ కిందే ఉంటుంది.

తొమ్మిదో ముడి ఒక్కటే మిగిలింది.

గిడియన్

*

స్టౌరా,
14 నవంబరు 1958

ఆస్లా,

పట్నం నుంచి నీకు తంతి ఇచ్చామని చెప్పారు. కాబట్టి రాస్మీ పోయిన సంగతి నీకు తెలుసు. ఎలాగన్నది నేను రాయాలి.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి పడవ కనపడింది. నేను గోడ చాటున కూర్చుని ఉన్నాను. పైన గుంజ దగ్గర నిలబడాల్సింది, గాలికి కాలు లాగుతోందని కిందే కూర్చున్నాను. వాళ్లు రేవు మొగ దగ్గర తెడ్లు ఆపి బుట్ట కోసం చూశారు. బుట్ట కిందే ఉంది. లోపలికి తిప్పారు. అప్పుడు వాళ్ల వెనక, దూరంగా, పెద్దవి లేచాయి. లేవడం కాస్త ఆలస్యమైంది. లేచి మెట్ల మీద కుడికాలు వేశాను. ఎడమకాలు వేశాను. పాదం తన్నలేదు ఆస్లా. మడమ కిందికి జారిపోయింది, నేను ముందుకు పడ్డాను, గడ్డం చీరుకుంది. మిగతా మెట్లు చేతులతో పాకాను. తాడు అందుకుని బుట్ట ఎగరేశాను. అప్పటికి పడవ రాళ్ల మధ్య ఉంది. పైకి చూసేవాళ్లెవరూ అందులో లేరు.

హాన్సీనీ తమ్ముడినీ తాడు వేసి లాగారు. రాస్మీ పడవకీ రాతికీ మధ్య చిక్కాడు. దగ్గరి ఇల్లు మనదే. నా మంచం మీదే పడుకోబెట్టారు. రెండు రోజులు బతికాడు.

రెండో రోజు మగాళ్లంతా మంచం చుట్టూ నిలబడ్డారు. హాన్సీ నా వైపు తిరిగి, "బుట్ట ఎందుకు లేవలేదు?" అన్నాడు. కాలు పడలేదన్నాను. ఒక్కొక్కరే నేల చూపులు చూశారు. పెద్దమ్మ కూడా కళ్లు దించుకుంది. నేను దుకాణంలో అన్నవన్నీ ఆ గదిలో అందరికీ గుర్తున్నాయి. నా కాలు తెగిందనడానికి నా మాట తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట ఎవరికి కావాలి?

అప్పుడు రాస్మీ కళ్లు తెరిచాడు. మాట్లాడటానికి చాలా కష్టపడ్డాడు.

"ఆడి కాలు సంగతి నాకు తెల్సు. కొండ మీంచి మోసింది నేను. మడమ ఎనకాల చెయ్యేసి పట్టుకున్నా, వేలు దూరేంత గుంట తగిలింది. ఆ కాలితో ఎవడూ ఆ మెట్లెక్కలేడు. ఆణ్ణేమీ అనకండి."

అంతే. తర్వాత మంచినీళ్లడిగాడు. గిన్నె నేనే పట్టాను. రెండు గుక్కలు తాగి నన్ను చూశాడు. తెల్లారేసరికి పోయాడు.

టపా సంచీ మనుషుల కంటే ముందే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. దుకాణంలో పొయ్యి పక్కన ఆరబెట్టి, ఖననం అయ్యాక ఎవరివి వాళ్లకి పంచారు. నాకొకటి వచ్చింది. అంచుల్లో సిరా పాకింది గానీ చదవడానికి వచ్చింది. ఉంగరం గురించి చదివాను. అది అతని పడవలోనే వచ్చింది, ఆస్లా. నా చేతికి అందించడానికే తెచ్చాడు.

ఆ సాయంత్రం హాన్సీ ఇంటికి వెళ్లి కుర్చీ అడిగాను. మోకాళ్లూనాను. కుడి పిక్క నొక్కాడు, పాదం వంగింది. ఎడమది నొక్కాడు. మళ్లీ నొక్కాడు. పాదం అలాగే వేలాడుతూ ఉండిపోయింది. హాన్సీ కళ్లనీళ్లు పెట్టుకుని, "నిజమే బాబాయ్, పాపం నీ కాలు" అన్నాడు.

ఇప్పుడు అందరూ నాతో మాట్లాడుతున్నారు. గడప ముందు చేపల వాటా పెడుతున్నారు. దాన్ని తినలేకపోతున్నాను, విసిరెయ్యలేకపోతున్నాను.

గిడియన్

*

అబెర్డీన్,
20 నవంబరు 1958

అన్నయ్యా,

మేజోళ్లు అందాయి. వేసుకునే ఉన్నాను.

మా పెద్ద డాక్టరుతో మాట్లాడాను. ఇంత ఆలస్యమైనా తొడలోంచి నరంలాంటి పట్టీ ఒకటి తీసి, తెగినచోట అతికి కుట్టడానికి వీలుందన్నాడు. పరిగెత్తలేవు గానీ మెట్లెక్కగలవు. నీకోసం ఒక మంచం అట్టిపెట్టాను, కిటికీ పక్కది. పట్నం నుంచి ఓడ గురువారం బయల్దేరుతుంది.

రాస్మీ గురించి రాయడం నాకు చేత కావడం లేదు. మొదటి అబద్ధం నాది. ఆ పాపంలో నీకంటే నా వాటా పెద్దది. దాన్ని నీ మీదికి నెట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

అయినా ఒకటి అడగాలి. నీ ఉత్తరం నాలుగు పేజీలు, నేను ఒక వాక్యం దగ్గరే ఆగిపోయాను. "లేవడం కాస్త ఆలస్యమైంది" అన్నావు. ఆ గోడ చాటున నాన్న పక్కన నేనూ కూర్చున్నాను. అక్కడి నుంచి పెద్ద అల ఎంత దూరంలో ఉండగా కనపడుతుందో నాకు తెలుసు. కాలు లేనివాడు కూడా పది మెట్లు పాకి బుట్ట ఎగరేసేంత వ్యవధి ఉంటుంది.

దీవిలో ఈ ప్రశ్న ఇంకెవరూ వెయ్యరు. వాళ్ల నోళ్లు రాస్మీ కట్టేసి పోయాడు. నీ కాలికి పరీక్ష ఉంది, అందరి ముందూ నెగ్గావు. కాలు కదపడానికి ముందు జరిగినదానికి పరీక్ష లేదు, నువ్వు చెబితేనే తెలుస్తుంది. అబద్ధం మోయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. ఏం చెప్పినా నువ్వు నా అన్నవే, మంచం నీదే.

మొదటి అల కనపడ్డాక, లేచే ముందు, ఎన్ని లెక్కపెట్టావు?

ఆస్లా

*

స్టౌరా,
29 నవంబరు 1958

ఆస్లా,

గురువారం ఓడ నేను లేకుండానే వెళ్లింది. ఆ మంచం ఇంకెవరికైనా ఇవ్వు. నాకు ఈ కాలు ఇలాగే కావాలి.

పెద్దమ్మ దారం విప్పేస్తానంది, తొమ్మిదో ముడి ఎటూ ఊడేలా లేదని. వద్దన్నాను. ఉండనియ్యమన్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు, మూడు.

గిడియన్